చలికాలపు ప్రయాణము

ఏటేట డిసెంబరు మాసమున మేము నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవుచుందుము. అప్పటికి వానల జోరు తగ్గియుండును. నల్లరేగడి చేలలో శనగపైరు పచ్చగానుండును. తూర్పున నల్లమల కానవచ్చును. వేకువచలికి నొక దుప్పటి చాలును.

దక్షిణ ఐరోపాలో నిందుకు విరుద్ధము. అచ్చట వేసవి పొడిగానుండి, శీతకాలముననే వర్షములు కురియును; పెనుగాలులచే సముద్రము కల్లోలమగును. డిసెంబరులో పగలు మనకు సుమారు 11 గంటలు. రోమాలో 9 గంటలు మాత్రమే.

ఈ సంగతి తెలిసినగాని అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయము బోధపడదని మేము తరగతిలో చెప్పుచుందుము. పౌలు హెచ్చరించినను వినక, నావికులు క్రేతులో ఓడ విప్పిరి. 14 రాత్రులు తుపానులో కొట్టుకొనిపోయిరి. ఓడ బ్రద్దలైనను 276 మందియు మెలితే ద్వీపమున ప్రాణములతో గట్టుచేరిరి. వానలో వణకుచున్న యా పరదేశులకు ద్వీపవాసులు చలిమంట వేసిరి. పిమ్మట చెరలోనుండి పౌలు తిమోతికి వ్రాయుచు, త్రోయలో విడిచిన అంగీని తెమ్మనియు, చలికాలమునకు ముందే రమ్మనియు కోరెను. అంతటి భక్తునికిని చలి చలియే గదా!

విద్యార్థులారా! క్రిస్మసు సెలవులకు ఊళ్లకు పోవునపుడు కంబళి మరువకుడు. బస్సు నిలుచుచోట చలికి వణకు ముదుసలి కనబడినచో, దానిని వారికి కప్పుడు. చలిమంట వేయువారు మెలితేలోనే కాదు, ఆళ్లగడ్డలోను ఉండవలెనని మా కోరిక.