ఇంజను క్రింది రబ్బరు

గత వేసవి సెలవుల చివర మా పాఠశాల జీపు వింతగా వణక నారంభించెను. నిలిచియున్నప్పుడు అద్దములు గలగలలాడెడివి; క్లచ్చి వదలినంతనే అడుగున దబ్బుమని మ్రోత వినవచ్చెడిది. కాలువ కావలి గ్రామములనుండి పదునొకండుగురు బాలికలు ఈ బండిమీదనే బడికి వచ్చెదరు. బండి రానియెడల తమ పిల్లలను మాన్పింతుమని కొందఱు తల్లిదండ్రులు ముందే చెప్పియుండిరి. ఒక మరమ్మతుశాలవారు ఇంజను విప్పక తీరదనిరి. అందులకగు వ్యయము మా శక్తికి మించినది. జూను మాసమా, సమీపించుచుండెను.

విజయవాడ ఆటోనగరులో పనిచేయు మా పూర్వవిద్యార్థి యొకడు అప్పుడు స్వగ్రామమునకు వచ్చియుండి, బండిని చూడవచ్చెను. బ్రేకు గట్టిగా పట్టించి, గేరు వేయించి, క్లచ్చిని రవంత వదలుమని డ్రైవరుతో చెప్పెను. ఇంజను ఎడమప్రక్క చివుక్కున పైకి లేచెను.

“ఇంజనుకి ఏ జబ్బూ లేదండి మాస్టారూ. మౌంటింగు తెగింది, అంతే” అనెను.

మౌంటింగనగా ఇనుపరేకుల నడుమ అతికిన రబ్బరు దిమ్మె. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టునకు రెండుమారులు ఇంధనము మండును. నిమిషమునకు 700 చుట్లు తిరుగునప్పుడు కుదుపులెన్నియో బాలబాలికలు లెక్కింపవచ్చును: 1,400! వానిని చట్రమునకు చేరనీయక మ్రింగుటయే ఈ దిమ్మె పని. అమెరికాలో క్రైస్లరు సంస్థవారు 1931లో ప్లిమత్ కారునందు ఇంజనును రబ్బరుపై ఊగునట్లమర్చి, ఆ యేర్పాటునకు ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరిడిరి. నాలుగు సిలిండర్ల కార్ల వణకు దానితో ఎంతయో తగ్గినది.

మఱునాడు పని జరిగెను. చక్రములకు రాళ్లు అడ్డమిడి, బ్యాటరీ తీగ తీసివేసిరి. ఆయిల్ చేంబరు పలుచని రేకు గనుక, జాకీకిని దానికిని నడుమ మందపు పలక నుంచిరి. ఇంజను బరువు మౌంటింగుపై లేకుండునంతమాత్రమే ఎత్తవలెను. మిక్కిలి యెత్తినచో ఫ్యాను రేడియేటరును తాకును, రబ్బరు గొట్టములు లాగుకొనును. ఎత్తిన ఇంజను క్రింద చేయి పెట్టరాదని అతడు చూడవచ్చిన పిల్లలను రెండుమారులు గద్దించెను. ఒకప్పుడు మా తరగతిలో అతనిని గద్దింపని దినము లేదు!

కుడిప్రక్కది తెగలేదు గదా, దాని నేల మార్చవలెనని మే మడిగితిమి. పాతది క్రుంగియున్నది గనుక ఇంజను ఒరిగి కూర్చుండుననియు, క్రొత్తది త్వరలోనే చెడుననియు చెప్పెను. బోల్టులన్నియు మొదట చేతితో ఎక్కించి, ఇంజనును దింపి, అది తన చోట కుదురుకొనిన పిదపనే స్పానరుతో బిగించెను. ఎడమవైపు దిమ్మె నూనె తగిలి మెత్తబడి చీలినది. పైనుండి ఆ నూనె కారుట మాన్పకయే క్రొత్తది వేసిన ప్రయోజనమేమి? కావున ఆ ప్యాకింగును గూడ మార్చెను.

బడి తెఱచిన దినమున పదునొకండుగురును వచ్చిరి. చీలిన దిమ్మె మా విజ్ఞానశాస్త్రపు గదిలో కిటికీ ప్రక్కనున్నది. వంచి చూడగోరువారు చూడవచ్చును గాని, చేతికి జిడ్డంటును.