థీసిస్ ఇంగ్లీషు

గార్లదిన్నె నుంచి అనంతపురం వెళ్లి పీజీ చదివే పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పంపుతుంటారు, "సార్, ఇంగ్లీషు కొంచెం చూడండి" అని. తెలుగులో 'ఎ', 'ద' లాంటివి లేవు, అవి జారిపోతాయి. మనం దేని గురించో చర్చిస్తాం కనుక 'డిస్కస్' పక్కన 'అబౌట్' వచ్చి చేరుతుంది. కారణం చెబితే చాలు, పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

నాకు భయమేసేది మరోచోట. వేరుశనగ మీద రాసిన చాప్టర్లో ఒకమ్మాయి 'డ్రై స్పెల్' అని రాస్తే, ఎవరో దిద్ది 'డ్రౌట్' చేశారు. వాక్యం నున్నగా అయింది, విషయం పోయింది. ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు పడకపోవడం వేరు, ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించడం వేరు. ఏడాది మొత్తం వాన లెక్క సరిపోయినా మా దగ్గర పంట పోయేది అందుకే! 'దిగుబడి తగ్గి ఉండవచ్చు' అన్నదాన్ని కూడా 'తగ్గింది' అని మార్చారు. ఆ అమ్మాయి తేల్చని సంగతి తేల్చినట్టయింది.

దిద్దేవాళ్లు దయచేసి ముందు రాసినవాళ్లతో మాట్లాడండి. "పొలంలో ఏం చూశావమ్మా?" అని నేను అడిగితే ఆ అమ్మాయి పది నిమిషాలు ఆపకుండా చెప్పింది, అదీ తెలుగులో. అదంతా ఆ చాప్టర్‌లోకి రావాలి.