కాగితం కారుకు అసలు హిసాబ్



ఈసారి సెలవులకు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చిన మా భాంజా ఒక కొత్త ఆట తెచ్చాడు. ఫోనుతో పని లేదు. ఒకరు కిస్సా చెబుతారు, మిగతావాళ్లు ఒక్కో కిర్దార్ తీసుకుని ‘నేనైతే ఇలా చేస్తా’ అంటారు. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారట. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. పాచిక మాట వినగానే మా అమ్మీ, "తౌబా, ఇంట్లో జూదమా?" అంది. పందెం లేదు, పైసా లేదు అని చెప్పినా ఆమె దిల్ ఒప్పుకోలేదు. చివరికి 1 నుంచి 20 దాకా అంకెలు రాసిన చీటీలు స్టీలు డబ్బాలో వేసి, తలా ఒకటి తీశారు. ఝగడా తీరింది.

వాడు అల్లిన కిస్సా ఇది: రాత్రిపూట, ఎమ్మిగనూరులో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. సుమారు 30 కిలోమీటర్లు కారులో తెచ్చి ఆదోని ఆస్పత్రికి చేర్చాలి. ఇలాంటి ఆటల పుస్తకాల్లో కత్తికీ గుర్రానికీ అంకెలు దొరికినంత సులువుగా మన పాత మారుతి 800కు దొరకవు. వాడు స్పీడోమీటర్ మీద ఉన్న ఆఖరి అంకెనే కారు స్పీడుగా రాసేశాడు.

"మీటరు మీద రాసినంతా బండి పోతుందా బేటా?" అన్నాను.

ఆటే కదా అని వదిలేయొచ్చు. కానీ వాడికి లైసెన్స్ వచ్చి రెండు నెలలు కాలేదు. రేపు అదే రోడ్డు మీద మా ఆపాను కూర్చోబెట్టుకుని నడిపేది వాడే. అందుకే కాగితం, పెన్ను తీసుకుని నేనూ కూర్చున్నాను.

ముందు వక్త్ సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో ఒక రౌండు 6 సెకన్లు. అందులో మనిషి 30 అడుగులు నడుస్తాడు. 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు అదే 6 సెకన్లలో సరిగ్గా 100 మీటర్లు దాటుతుంది. గడికి 5 అడుగుల లెక్కన 65 గడులు! మా మేజా చాలదు. గర్ప్స్ అనే ఇంకో ఆట దీనికి బాగా పనికొస్తుంది. అందులో రౌండు ఒక్క సెకను, దూరం గజాల్లో. బండికి రెండు అంకెలు ఇస్తారు: సెకనుకు ఎంత వేగం పెంచుకోగలదు, గరిష్ఠంగా ఎంత పోగలదు. 0 నుంచి 100కు చేరడానికి 14 సెకన్లు పట్టే కారు సెకనుకు సగటున 7 కిలోమీటర్ల వేగం పెంచుకుంటుంది. గజాల్లో ఆ మొదటి అంకె 2 అవుతుంది.

కానీ అది ఖాళీ కారు మాట. మారుతి 800 ఇంజను 796 సి.సి., బరువు దాదాపు 650 కిలోలు. డ్రైవరుతో 720 అనుకుందాం. నొప్పులు పడే ఆమె, తోడు ముగ్గురు, సామాను కలిస్తే 1000 కిలోలు. అదే ఇంజను, బరువు ఎక్కువ. ఎత్తుకునే వేగం నాలుగో వంతుకు పైగా పడిపోతుంది.

అప్పుడు అడిగాను: "పోయేది సరే, నిలబడేది ఎంత దూరంలో?"

వాడి కాగితం మీద ఆ గడే లేదు. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, 60 వేగంలో ఉన్న కారు ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. 80లో అయితే 35. కాలు బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులో బండి పోయే దూరం కలిపితే 37, 57 మీటర్లు. పత్తి సీజన్‌లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ హెడ్‌లైట్ వెలుగులోకి 40 మీటర్ల దగ్గర వచ్చిందనుకోండి. 60లో ఉన్నవాడు ఆగుతాడు. 80లో ఉన్నవాడు ఆగడు.

గుద్దుకుంటే ఏమవుతుందన్నదానికి కూడా అంకె ఉంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు చిన్న కార్లు ఐదింటిని, ఎయిర్‌బ్యాగులు లేనివాటిని, 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఐదింటికీ సున్నా స్టార్లే. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. ఇప్పుడు కొత్త కారు కొనేవాళ్లు మైలేజీతో పాటు ఆ స్టార్లూ చూసుకోవచ్చు.

మా భాంజా కాసేపు చూసి, "అయితే మామూ, 60 మీదే పోతా. ఎంత టైం ఎక్కువ పడుతుంది?" అన్నాడు. లెక్క వేశాం. 30 కిలోమీటర్లకు 60లో 30 నిమిషాలు, 80లో ఇరవై రెండున్నర. తేడా ఏడున్నర నిమిషాలు. వాడు స్పీడు గడి పక్కన ‘నిలబడే దూరం’ అని ఇంకో గడి గీశాడు.

డబ్బాలో నుంచి ఏ చీటీ వస్తుందో తఖ్దీర్. ఎంత వేగంలో ఉండగా ఆ చీటీ తీస్తామన్నది మన తద్బీర్. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మన పెద్దలు నేర్పింది ఇదే కదా. బండిలో కూర్చున్న ప్రతి జాన్ స్టీరింగ్ పట్టుకున్నవాడి చేతిలో అమానత్.

మీ ఇంట్లో కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలుంటే, మీ సొంత బండి పేరు మీద ఈ హిసాబ్ ఒకసారి వేయించండి. నసీహత్ వింటే చెవుల్లో నుంచి జారిపోతుంది, తామే వేసిన లెక్క మాత్రం యాద్ ఉంటుంది. అల్లాహ్ అందరి సఫర్ సలామత్‌గా సాగించుగాక, ఆమీన్.