పల్లికాయ చేలో ఓ స్టైపెండ్ లెక్క

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నంబరు హైవే మీద పెబ్బేరులో దిగి, వీపనగండ్లకు మళ్లీ బస్సెక్కాలి. శనివారమైతే పెబ్బేరు సంత. ఎడ్లు, గొర్రెలు, ఆటోలు దాటుకుని బస్సు దొరకడమే గొప్ప. నేను వెళ్లింది సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. జూరాల ఎడమ కాలువ నీళ్లు అందినచోట వరి, మిగతా చోట్ల వేరుశనగ. ఇక్కడ దాన్ని పల్లికాయ అనే అంటారు.

మా అక్కవాళ్ల చేను గోపల్‌దిన్నె వైపు ఉంది. గట్టు మీద కూర్చుని మేనకోడలు కాయ తెంపుతోంది.

"పండుగకు ఎందుకు రాలేదే?"

"పండుగనాడే గద మామా, షాపుల గిరాకి!"

హైదరాబాద్‌లో బీబీఏ రిటైలింగ్ చదువుతోంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2023లో తెచ్చిన కోర్సు. వారంలో మూడు రోజులు క్లాసు, మూడు రోజులు దుకాణంలో పని. నెలకు పదివేల స్టైపెండ్. అందులో హాస్టల్‌కే ఆరువేలు. పదివేలని పెద్దక్షరాల్లో చెప్పేవాళ్లు హాస్టల్ ఖర్చు కూడా పక్కన రాస్తే బాగుండేది.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, పొద్దంత నిలబడి పిల్ల కాళ్లు వాస్తున్నయ్. రెండు నెలల సంది పైసలు గూడ పడలే. మాన్పిచ్చి వనపర్తిల చేర్పిద్దమా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వనపర్తిలో బీకాం చదివేటప్పుడు నేను సీజన్‌లో ఓ పల్లీల అడ్తిలో బస్తాల లెక్క రాసేవాణ్ణి. తరుగు ఎట్లా తీస్తారో, తేమ పేరు చెప్పి ధర ఎట్లా దించుతారో అక్కడే చూశా. ఏ పాఠంలోనూ లేదది. ఆఖరి నెల జీతం సేటు ఎగ్గొట్టాడు. గట్టిగా అడుగుదామంటే నేనక్కడ పనిచేసినట్టు చిట్టీ ముక్క కూడా లేదు. తర్వాత ఉద్యోగ దరఖాస్తులో 'అనుభవం' దగ్గర అడ్డగీత గీసి పంపాను.

"ఒప్పంద కాగితం ఉందా?" అని మేనకోడల్ని అడిగా. ఫోన్‌లో తీసింది. సంతకం పెట్టిందే గానీ చదవలేదట! 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రాసుకున్న ఒప్పందమది. ఆ చట్టం లెక్కలో అప్రెంటిస్ శిక్షణ పొందే మనిషే, కార్మికుడు కాదు. కానీ స్టైపెండ్ కట్టాల్సింది మాత్రం యజమానే. పనిచేసిన తేదీలు, బాకీ నెలలు వేసి కాలేజీకి, దుకాణానికి చెరో మెయిల్ గట్టు మీదే రాయించా.

నా అడ్తి తరుగు కథ విని నవ్వింది. "మా షాపుల దాన్ని ష్రింకేజ్ అంటరు మామా." పల్లీల ప్యాకెట్ ధరలో ప్యాకింగ్‌కు ఏం పోతుందో, చెడిపోయిన సరుకుకు ఏం పోతుందో, దుకాణానికి ఏం మిగులుతుందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. అప్పటిదాకా పలకని మా బావ కాయ తెంపడం ఆపేశాడు.

"మరి మనకేమొస్తదో గూడ జెప్పు" అన్నాడు.

ఆ లెక్క తెమిలేసరికి బస్సు టైమైంది. రెండోరోజు ఆమెకు దుకాణం డ్యూటీ. "పైసలు పడకుంటే ఫోన్ జెయ్, నేను గూడ వస్త" అని బావ పల్లికాయ సంచి బస్సులో పెట్టాడు. అక్క మాత్రం ఇంకా ఆమె చెప్పులకేసే చూస్తోంది.