కొజిమాలో జీన్సులాగు

జపానుదేశమున ఒకయామా మండలమందు కొజిమా యను ఊరు గలదు. సముద్రమును పూడ్చిన ఉప్పునేలలో పూర్వ మచటివారు ప్రత్తి పండించిరి. పిదప బడిపిల్లల దుస్తులు కుట్టిరి. 1965లో జీన్సులాగులకు పూనుకొనిరి. ఇప్పు డంగళ్లవీథిపై జీన్సులే తోరణములు.

తోలువస్తువులు విడిచిన మా యమ్మాయితో ఆ వీథికి పోయితిమి. గుడ్డ నూలుదే, కాని చూచిన ప్రతిలాగునకును నడుముపట్టీ వెనుక తోలుబిళ్ల! ఒక యంగడియామె జాలిపడి, కత్తెర తీసి, బిళ్లను విప్పి యిత్తునని సైగచేసెను. మేము సరే యనబోతిమి.

“అమ్మా, బిళ్ల తీసినను దాని వెల మన మిచ్చినట్లే గదా!” అని యమ్మాయి వారించెను. మేము సిగ్గుపడితిమి.

నాలుగవ యంగడిలో గుడ్డబిళ్ల కుట్టిన లాగు దొరకెను. సోదరీమణులారా, వెల యడుగుటకు ముందే నడుమువెనుక త్రిప్పి చూడుడు.