పన్నుల పురోహితులు

ఫిబ్రవరి నెలకు ఇరవై ఎనిమిది రోజులే ఎందుకు పెట్టారో ప్రభుత్వోద్యోగుల ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. ఆ నెల జీతానికి అంతకంటె ఎక్కువ రోజులు ఇల్లు గడిపే సత్తువ ఉండదు. ఏడాది పొడుగునా నెలనెలా కొంచెం కొంచెం కోసుకున్నా, మొత్తం లెక్క తేలి, మిగతాది ఒక్కసారిగా ఊడేది అప్పుడే. పళ్ళ డాక్టరు పీకేదాన్నీ, సర్కారు పీకేదాన్నీ మనవాళ్ళు ఒక్క మాటతోనే "పన్ను" అన్నారంటే ఊరికే అనలేదు.

నేను విజయనగరంలో కాపురముండి కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. గణాలు తప్ప గణితం ఎరగను. అయినా పన్నుల కాలం వచ్చేసరికి మా వీధరుగు మీద నలుగురు చేరుతారు. రిటైరైన మేష్టర్లు, ఆఫీసు అటెండర్లు, మునిసిపల్ స్కూలు పంతులమ్మలు. చేతిలో గుడ్డసంచీ, సంచీలో కాగితాలు. కారణం నా పాండిత్యం కాదు. మా కాలేజీలోనే కామర్సు చెప్పే కుర్ర లెక్చరరు ఒకాయన మా పక్కవాటాలో ఉంటారు. లెక్క ఆయనది. ఐతే ఆయన మాట్లాడేదంతా సెక్షన్లు. వచ్చినవాళ్ళు మాట్లాడేదంతా సంసారం. ఆయన "ఎయిటీ సీలో ఎంత పెట్టారు?" అని అడిగితే, వాళ్ళు "ఉన్నదంతా రెండోపిల్ల పెళ్ళికి పెట్టీసినాం బాబూ" అంటారు. మధ్యన దుబాసీ పని నాది.

ఈ దుబాసీతనం వల్ల నాకు తెలిసివచ్చిందేమంటే, మనవాళ్ళు పన్నుకంటె పన్ను మాట్లాడే భాషకు ఎక్కువ జంకుతారు. మన పూర్వులు పన్నులు ఎరగనివాళ్ళేం కాదు. ఇంటికి ఇల్లరి, పశువుల మేతకు పుల్లరి, మగ్గానికి మగ్గరి కట్టినవాళ్ళే. దేనిమీద కడుతున్నారో ఆ మాటలోనే ఉండేది. తరువాత నవాబుల హయాములో జమా, వసూలు, బాకీ, రసీదు వచ్చాయి. అవీ మన నోళ్ళలో నలిగి మనవైపోయాయి. ఆదాయపు పన్ను మాత్రం 1860లో జేమ్స్ విల్సన్ అనే దొర చేతిమీదుగా వచ్చింది. 1857 తిరుగుబాటు ఖర్చులతో ఖాళీ అయిన ఖజానాను నింపడానికి వేసిన పన్ను అది. ఆ తరువాత 1886లో ఒక చట్టం, 1922లో ఒక చట్టం, 1961లో మరొకటి. గురజాడవారు మా ఊరి మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన రోజులకే ఈ పన్ను ఉంది. చట్టాలు మారుతూ వచ్చాయి గాని, వాటి భాష మాత్రం అరుగెక్కి మనతో మాట్లాడింది లేదు.

1961 నాటి చట్టంలో ఒక తమాషా చూడండి. మనం సంపాదించుకుంటున్న సంవత్సరం పేరు అందులో "ప్రీవియస్ ఇయర్", అంటే గత సంవత్సరం. దాని లెక్క చూసే మరుసటి సంవత్సరం "అసెస్ మెంట్ ఇయర్". కళ్ళెదుట నడుస్తున్న సంవత్సరాన్ని గతించిందనడం ఏ వ్యాకరణానికి సమ్మతమో నాకు బోధపడలేదు. 2022-23లో తిన్న తిండికి 2023-24 అని ఎందుకు వెయ్యాలో చెప్పలేక చాలామందికి మంచినీళ్ళిచ్చి పంపించాను. చివరికి పార్లమెంటువారికే ఈ గొడవ విసుగు పుట్టింది కాబోలు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేటట్టుగా 2025లో కొత్త చట్టం చేసి, ఆ రెండు సంవత్సరాలనూ తీసివేసి "టాక్స్ ఇయర్" అని ఒక్కటే పెట్టారు. 819 సెక్షన్లు 536 అయ్యాయి. అయిదు లక్షల పన్నెండు వేల మాటలు రెండు లక్షల అరవై వేలకు దిగాయి. అర అక్షరం కలిసివస్తే వ్యాకరణవేత్తలు కొడుకు పుట్టినంత సంబరపడతారంటారు. ఆ లెక్కన ఢిల్లీలో ఎన్ని బారసాలలు జరగవలసిందో!

మాట సంగతి అలా ఉంచి లెక్క సంగతికి వద్దాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లెక్కంతా ఆఫీసులో సీనియర్ గుమాస్తా చేసేవారు. తెల్లకాగితం మీద స్కేలుతో గీతలు గీసి, పక్కన కాలిక్యులేటరు పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి ఆయన కూర్చుంటే, ఆయన సంతోషిస్తే పన్ను తగ్గుతుందనీ, అలిగితే పెరుగుతుందనీ మాకో నమ్మకం. ఆ వారం రోజులూ ఆయన టీ డబ్బులు ఆయన ఇచ్చుకున్న పాపాన పోలేదు.

ఇప్పుడా పీఠం ఎక్సెల్ పట్టికలకు దక్కింది. ఇక్కడ మనం గర్వించదగ్గ విశేషం ఒకటుంది. టాక్సు సాఫ్ట్ వేరు తయారుచేసి అమ్మే కంపెనీలు దేశంలో చాలా ఉన్నాయి. కాని మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో టీచర్లూ, వారిని చూసి తక్కిన ఉద్యోగులూ వాడుకునే పట్టికలు చాలామటుకు సాటి టీచర్లు తయారుచేసినవే. బడి అయ్యాక ఇంటిదగ్గర కూర్చుని, సూత్రాలన్నీ గడుల్లోకి ఎక్కించి, పైసా పుచ్చుకోకుండా ఇంటర్నెట్టులో పెట్టేస్తారు. మూలవేతనం, కరువుభత్యం, ఇంటద్దె, ఏపీజీఎల్ఐ, వృత్తిపన్ను వేసుకుంటూ పోతే, పాత విధానంలో పన్నెంతో, కొత్త విధానంలో ఎంతో తేల్చి, ఆఫీసులో ఇవ్వవలసిన కాగితాలు అచ్చుకు సిద్ధంగా పెడుతుంది ఆ పట్టిక. మన జీతపుబిల్లు ఆనుపానులు ఎక్కడి కంపెనీవాడికో ఏం తెలుస్తాయి? పక్కబడి టీచరుకు తెలుస్తాయి గాని. విద్యాదానమంటే ఇదీ ఒక విద్యాదానమే.

ఐతే దానికీ కొన్ని మర్యాదలున్నాయి. కొన్ని పట్టికలు తెరవగానే పైన ఒక హెచ్చరిక పట్టీ కనబడుతుంది. మనం అనుమతి ఇస్తే గాని లెక్క కదలదు. అంచేత ఆ పట్టిక ఎవరు చేసిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తేనే అనుమతి ఇవ్వాలి. సెల్ ఫోనులో తెరిస్తే మొరాయిస్తుంది. బడ్జెటు మారాక కూడా నిరుటి పట్టికే వాడితే, నిరుటి పన్నే చెబుతుంది. అన్నిటికంటె ముఖ్యం, గడిలో ఏ అంకె వేస్తే దానికే లెక్క కడుతుంది. ఆ అంకె నిజమా కాదా అని అడగదు. అది అడగవలసినవాడు వేరే ఉన్నాడు.

వాడెవడో నాకు ఒక పెద్దాయన చెప్పారు. శ్రీకాకుళం జిల్లాలో ఏవేవో పల్లెటూళ్ళలో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరై, మా వీధిలో కూతురి దగ్గర ఉంటున్న మేష్టారాయన. 2023 అక్టోబరులో ఒక సాయంకాలం చేతిలో నోటీసు పట్టుకుని వచ్చారు. చెయ్యి వణుకుతోంది.

"ఏటి బాబూ, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పుకున్న నేను సర్కారుకి బాకీ పడ్డానా? పద్దెనిమిదివేల చిల్లర కట్టమంటన్నారు!"

మా కామర్సు లెక్చరరుగారు కాగితం చూసి రెండు నిమిషాల్లో తేల్చారు. మేష్టారికి పెన్షను బకాయిలు, నాలుగైదేళ్ళవి, ఒకే ఏడాదిలో ముట్టాయి. అంతా ఆ ఏటి ఆదాయంగానే లెక్కేస్తే పన్ను పై మెట్టుకెక్కిపోతుంది. ఏ ఏటి బకాయిని ఆ ఏటిలోనే వేసి లెక్కకట్టి, ఎక్కువైన పన్ను తగ్గించమని అడిగే హక్కు 89వ సెక్షను ఇచ్చింది. ఐతే రిటర్ను వేసే ముందే "టెన్ ఈ" అనే ఫారం విడిగా ఆన్ లైనులో వెయ్యాలన్నది అప్పటి నిబంధన. రిటర్ను వేసిపెట్టిన నెట్ సెంటరు కుర్రవాడు తగ్గింపు అడిగాడు గాని, ఫారం వెయ్యలేదు.

సెక్షన్లన్నీ విన్నాక మేష్టారి మొహం మరింత వాడిపోయింది. అప్పుడు నేనందుకున్నాను. "మేష్టారూ, ఇంతే. పిల్లవాడు సెలవు పెట్టాడు గాని సెలవుచీటీ ఇవ్వలేదు. హాజరుపట్టీలో ఆబ్సెంటు పడింది."

"ఓస్, చీటీయేనా!" అని ఆయన ఫక్కున నవ్వారు.

చీటీ ఇవ్వడం అనుకున్నంత సుళువు కాలేదు. పాస్ వర్డు అడిగితే "అది ఆ కుర్రాడి పుస్తకంలో రాసుంది బాబూ" అన్నారు. కొత్తది పెట్టుకుందామంటే, ఆధారుకు తగిలించిన ఫోను నెంబరు హైదరాబాదులో ఉన్న కొడుకుది. ఆ వచ్చే అంకెల ఆయుర్దాయం పావుగంట. ఆయన ఆఫీసు మీటింగులో ఉండి ఎత్తేసరికి అవి చచ్చిపోయాయి. రెండో మాటు ఫలించింది. ముందు టెన్ ఈ వేసి, దానిమీద సవరించిన రిటర్ను వేశాం. దానికి డిసెంబరు 31 దాకా గడువుంది.

ఆఖరి మీట నొక్కబోతుంటే మేష్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు బాబూ. కింద ఏటో రాసుంది. చదివి చెప్పు."

నేను తెలుగు చేసి చెప్పాను. ఫలానావారి కుమారుడనైన ఫలానా నేను, నాకు తెలిసినంతవరకూ, నేను నమ్మినంతవరకూ, ఇందులో ఇచ్చినదంతా సరైనదనీ, సంపూర్ణమనీ ప్రమాణం చేసి ప్రకటిస్తున్నాను అని దాని సారాంశం.

మేష్టారు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "ఇది సంకల్పం కదా బాబూ! పూజకి కూచుంటే మంత్రాలు పంతులుగారు చదువుతారు. పేరూ గోత్రం మాత్రం మనమే చెప్పుకోవాలి. మరి జూలైలో మా నాయన పేరు చెప్పి నా బదులు ప్రమాణం చేసీసింది ఆ కుర్రాడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ నోటీసు కొద్ది వారాల్లో రద్దయింది గాని, ఆ ప్రశ్న మాత్రం నాలో నిలిచిపోయింది.

ఆ ప్రశ్న ఎంత పెద్దదో 2025లో తెలిసింది. తెలిసిన ఆఫీసులో అటెండరొకతను ఆగస్టులో వచ్చాడు. అంతకు ముందటి ఏడు ఒక కన్సల్టెంటు ఆఫీసు ఆఫీసంతటికీ రిటర్నులు వేసిపెట్టాడట. "కట్టిన పన్ను వెనక్కి రప్పిస్తాను, వచ్చిందాంట్లో పదోవంతు నాకు" అని బేరం. ఇతనికి నలభైవేలు వచ్చింది. పదోవంతు ఇచ్చేసి, మిగతాది కూతురి కాలేజీ ఫీజుకు కట్టాడు. ఇప్పుడు, మీ రిటర్ను ఒకసారి సరిచూసుకోండి అని ఆదాయపు పన్ను శాఖనుంచి ఫోనులోకి మెసేజీ వచ్చింది.

అతని రిటర్ను తెరిచి ఒక్కొక్కటే చదివి వినిపించాను. కట్టని ఇంటి అద్దె ఉంది. తియ్యని అప్పుకు వడ్డీ ఉంది. ఒక రాజకీయ పార్టీకి చందా ఉంది. ఆ పార్టీ పేరు అతనెప్పుడూ వినలేదు.

"నానా? సందా ఇచ్చీసినానా? పండగ సందాలికే నాకాడ డబ్బుల్నేవు సార్!" అన్నాడు. మా కామర్సు ఆయన నవ్వాపుకోలేకపోయారు. అతను మాత్రం నవ్వలేదు. "అందరూ సేసినారు సార్. ఇంగిలీసులో ఉంది, నాకేటి తెలుస్తాది?"

అతనొక్కడే కాడు. అదే ఏడు జూలై 14న ఇటువంటి దొంగ మినహాయింపులు రాసిపెట్టేవారిమీద ఆదాయపు పన్ను శాఖ దేశంలో అనేకచోట్ల సోదాలు మొదలుపెట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే నలభైవేలమంది దాకా తమంతట తామే రిటర్నులు సవరించుకుని, 1,045 కోట్ల రూపాయల అబద్ధపు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ఆ శాఖే ప్రకటించింది. మా అటెండరూ ఆ దారినే పోయాడు. వచ్చిన డబ్బు, దానిమీద వడ్డీ, ఆ రెంటిమీద మరో పాతికశాతం అదనపు పన్ను. అది ముందు కడితే గాని సవరించిన రిటర్ను తీసుకోరు. భార్య గాజులు బ్యాంకులో పెట్టి కట్టాడు. కన్సల్టెంటుకిచ్చిన పదోవంతు మాత్రం ఏ ఫారం నింపినా తిరిగి రాలేదు. ఆయన ఫోను ఎత్తడం మానేశాడు.

ఇది చూసి, ఇకనుంచి ఎవరి సాయమూ పుచ్చుకోకూడదనుకుంటే అదీ పొరపాటే. రోగానికి డాక్టరు, వ్యాజ్యానికి ప్లీడరు ఉన్నట్టే పన్నుకూ తెలిసినవాళ్ళు కావాలి. పట్టికలు చేసి పంచిపెట్టే టీచర్లూ, రాత్రి భోజనం చల్లారిపోతున్నా అరుగుమీద లెక్కలు చూసే మా కామర్సు ఆయనా లేకపోతే మా వీధిలో సగంమంది కాగితాలు సంచీల్లోనే ఉండిపోయేవి. పురోహితుడు లేకుండా పూజ చేసుకోలేనివాళ్ళమే చాలామందిమి. అందులో చిన్నతనమేమీ లేదు. కాని మంచి పురోహితుడు మన పేరూ గోత్రం మన నోటనే చెప్పిస్తాడు. "మీకెందుకు, నేను చూసుకుంటాను కదా" అన్నవాడిదగ్గరే కాస్త జాగ్రత్తగా ఉండాలి. పన్ను ఎంత తగ్గిస్తే అంతలో వాటా అడిగేవాడిదగ్గర మరీనూ.

అంచేత మా అరుగుమీద ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. పాస్ వర్డు ఎవరిది వారి ఇంట్లోనే ఉండాలి. ఫోను నెంబరు పక్కనున్నవాళ్ళదై ఉండాలి. ఏ మినహాయింపు రాసినా దాని రసీదు సంచీలోంచి బయటికి రావాలి. ఆఖరి మీట నొక్కేముందు కింద ఉన్న ఆ ప్రమాణం తెలుగులో చెప్పించుకుని, తలూపితేనే నొక్కాలి. చట్టంలోంచి రెండున్నర లక్షల మాటలు తీసివేయగలిగిన పెద్దలకు, ఈ ఒక్క ప్రమాణం ఎవరి భాషలో వారి ఎదుట పెట్టడం పెద్ద పనేం కాదని నా మనవి.

అది వచ్చేదాకా మనమెందుకు ఆగాలి? మీ ఇంట్లో కాలేజీలో చదువుకునే పిల్లలుంటారు. ఈసారి రిటర్ను వేసే రోజున వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నాలుగు పంక్తులూ తెలుగు చెయ్యమనండి. వాళ్ళ ఇంగ్లీషు ఏపాటిదో మీకు తెలుస్తుంది. మీరు దేనికి సంతకం పెడుతున్నారో వాళ్ళకూ తెలుస్తుంది.