హామీ సంతకం

ఇంటి లోను కోసం మేమిద్దరం బ్యాంకుకు వెళ్లాం. "పాస్టరు గారూ, మీ సిబిల్ స్కోరు 580" అన్నారు మేనేజరు గారు. 900కి. 750 దాటితే ధైర్యంగా ఇస్తారట.

మేమెన్నడూ అప్పు చేయలేదే! తీరా చూస్తే, ఆరేళ్ల క్రితం సంఘంలో ఒక సహోదరుడి బండి లోనుకు మేం పెట్టిన హామీ సంతకం. వాయిదాలు ఆగితే హామీదారు పేరూ పోతుందని అప్పుడు ఎవరికి తెలుసు? అతను కొంత కట్టి తెంచుకున్నాడు. రిపోర్టులో 'సెటిల్డ్' అని పడింది, 'క్లోజ్డ్' అని కాదు.

మిగిలిన పదకొండు వేలు మేమే కట్టి నో డ్యూస్ కాగితం తెచ్చుకున్నాం. స్కోరు కదలడానికి ఇంకా నెలలు పడుతుందట. ఈ వానాకాలమూ రేకుల కిందే.

ఆ సహోదరుడు ఆదివారాలు వెనక కూర్చుని, ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్తున్నాడు. మేం కట్టేశామని అతనికింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో ప్రార్థిస్తున్నాం.